ఏటి అవతలి యుద్ధం, ఏటి ఇవతలి వార్త

తుంగభద్ర దిగువ కాలువ కింద పొలమున్న రైతునెవరినైనా లష్కరంటే ఎవరని అడగండి. తూము దగ్గర నిలబడి నీళ్లు వదిలేవాడని చెబుతాడు. ఎమ్మిగనూరు వైపు చివరి పొలాలకు తడి అందకపోతే రైతులు తిట్టేదీ లష్కరునే, బతిమాలుకునేదీ లష్కరునే. సర్కారు కాగితాల్లో కూడా ఆ ఉద్యోగం పేరు అదే. ఫారసీలో లష్కర్ అంటే సైన్యం. దండు వెంట నడిచే పనివాళ్లకూ, ఓడల మీది కూలీలకూ పేరై, మెల్లగా దిగివచ్చి, కత్తీ డాలూ పారేసి మన కాలువగట్టు మీద చేతిలో పారతో స్థిరపడిన మాట అది. లష్కరు పని చేసేవాడు బోయ కావచ్చు, కురువ కావచ్చు, సాయిబు కావచ్చు. మాటకు కులమూ లేదు, మతమూ లేదు.

2000 డిసెంబరులో ఢిల్లీ ఎర్రకోట మీద దాడి జరిగిన తర్వాత ఆ మాట పత్రికల మొదటి పేజీకెక్కింది. లష్కరే తోయిబా అనే పేరు పూర్తిగా రాస్తే హెడ్డింగులో పట్టదు. డెస్కులో ఎవరో ఒకరు దాన్ని 'లష్కర్' అని కత్తిరించారు. అందరమూ అలాగే కత్తిరించాం. ఆ తర్వాత ఏడాదికో రెండేళ్లకో, ఆదోని బస్టాండులో ఒక కాలువ లష్కరును తోటి ఉద్యోగులే 'ఏమప్పా, నీ తోయిబా యాడుంది?' అని ఎగతాళి పట్టించడం విన్నాం. అతను నవ్వాడు. అతని పేరు హుసేనప్ప. పీర్ల పండుగకు మొక్కుకుంటే పుట్టిన హిందువు.

ఉర్దూ, తెలుగు రెండింటిలో వార్తలు రాసి పొట్ట పోసుకునే మాలాంటివాళ్లకు ఇది చిన్న విషయం కాదు. మా ఇంటి భాషలోని మాటలకు తెలుగు పత్రికలోకి ఒకప్పుడు చాలా దారులుండేవి. కచేరీ దారిన తహశీలు, జమాబందీ వచ్చాయి. బజారు దారిన దుకాణం, సరుకు వచ్చాయి. ఇవాళ తెరిచి ఉన్నది యుద్ధం దారి ఒక్కటే. జిహాద్, ముజాహిదీన్, ఫిదాయీ, తాలిబాన్. తాలిబాన్ అంటే విద్యార్థులని అర్థం. ఫిదాయీ అంటే ప్రాణం ధారపోసేవాడు. మా గజళ్లలో ప్రేమికుడు కూడా ఫిదా అవుతాడు. ఇక్కడ ఒక తమాషా ఉంది. సిపాయి, ఫౌజు, హవల్దారు కూడా ఆ ఇంటి నుంచి వచ్చినవే. జవాను అచ్చమైన ఫారసీ మాట. 1965లో లాల్ బహదూర్ శాస్త్రి 'జై జవాన్' అన్నప్పుడు అందులో సగం ఫారసీ ఉందని ఎవరూ పట్టించుకోలేదు, పట్టించుకోవలసిన అవసరమూ లేదు. మన వైపు నిలబడ్డ మాటకు పుట్టుక అడగం. ఎదుటివైపు నిలబడ్డ మాటను మాత్రం ఊరూ పేరూ అడుగుతాం, ఆ పేరున్న మనిషిని కూడా అడుగుతాం.

ఆదోనికి యుద్ధాలు కొత్త కావు. కొండ మీది కోట చూసినవాడికి ఆ సంగతి చెప్పనక్కర్లేదు. 1786లో టిప్పు సుల్తాన్ ఆ కోటను ముట్టడించినప్పుడు లోపల ఉన్నవాడు నిజాం అలీ సోదరుడు బసాలత్ జంగ్ కొడుకు మహబత్ జంగ్. అతన్ని ఆదుకోవడానికి వచ్చినవాళ్లు నిజాం సైన్యమూ, మరాఠా సైన్యమూ. తుంగభద్ర పొంగకముందే కోట ఖాళీ చేసి ఏరు దాటిపోవలసి వచ్చింది. ఇందులో ఏ మతం ఏ వైపు ఉందో విడదీసి చెప్పండి చూద్దాం. ఆ రోజుల్లో దర్బారుల్లో అఖ్బార్ నవీసులుండేవారు. వాళ్లు రాసే వార్త ఏలిక చదువుకోవడానికి. తప్పు రాస్తే ఆయన పథకం చెడేది కానీ, వీధిలో పక్కింటివాడి చూపు చెడేది కాదు. వార్త పదివేల మంది చేతికి వచ్చాక లెక్క మారింది.

మద్రాసు నుంచి వచ్చిన రైలుమార్గం 1871లో రాయచూరు దగ్గర బొంబాయి మార్గంతో కలిసింది. ఆ దారి మీద ఉన్న ఆదోని పత్తి మండీగా ఎదిగింది. మండీకి యుద్ధమంటే ధర. అంతకు ముందే అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో, 1861 నుంచి 1865 దాకా, అక్కడి పత్తి ఇంగ్లండుకు అందక మన పత్తికి ఎన్నడూ లేని ధర పలికింది. 1914 ఏప్రిల్‌లో కాశీనాథుని నాగేశ్వరరావు ఆంధ్రపత్రికను మద్రాసులో దినపత్రికగా మొదలుపెట్టారు. ఆగస్టుకల్లా యూరపులో యుద్ధం వచ్చింది. తెలుగువాడికి రోజూ పత్రిక చదివే అలవాటు, రోజూ యుద్ధవార్త చదివే అలవాటు ఒకే ఏడాది పట్టుబడ్డాయి. ఆ సెప్టెంబరులో జర్మన్ నౌక ఎమ్డెన్ మద్రాసు మీద గుళ్లు కురిపించింది. తెలుగు పాఠకుడి భయం దాని చుట్టూ తిరిగింది. ఉర్దూ పాఠకుడికి మరో బెంగ ఉంది. 1912లో, బాల్కన్ యుద్ధాలకు కొంచెం ముందే, మౌలానా ఆజాద్ కలకత్తాలో అల్ హిలాల్ మొదలుపెట్టారు, లాహోరు నుంచి జమీందార్ పత్రిక టర్కీ కబుర్లు మోసుకొచ్చేది. 1914 చివర టర్కీ కూడా యుద్ధంలోకి దిగడంతో ఇక్కడి ముస్లిం రెండు రకాల దిగులుతో పత్రిక తెరిచేవాడు. ప్రెస్సు చట్టం కింద అల్ హిలాల్ నోరు నొక్కేశారు. ఒకే యుద్ధాన్ని ఒకే వీధిలో రెండు భాషలవాళ్లు రెండు యుద్ధాలుగా చదవడం అప్పటి నుంచీ ఉంది. కానీ ఆ యుద్ధం దూరాన జరిగింది. ఏటి అవతలికి వచ్చింది 1948లోనే.

ఆనాడు ఆదోని కర్నూలు జిల్లాలో లేదు. మద్రాసు రాష్ట్రం, బళ్లారి జిల్లా, ఆదోని తాలూకా. ఎమ్మిగనూరు ఆ తాలూకాలోదే. 1953లో ఆంధ్రరాష్ట్రం వచ్చినప్పుడే కర్నూలు జిల్లాలో కలిశాం. కోసిగి దాటి రైలు తుంగభద్ర వంతెన ఎక్కిందంటే అటు దిగేది నిజాం రాజ్యంలో, రాయచూరు జిల్లాలో. ఇవతల మేము 1800 నుంచీ కంపెనీ పాలనలో, తర్వాత తెల్లదొరల పాలనలో ఉన్నవాళ్లం. నిజాం మాకు రాజు కాడు. కానీ ఏరు పెళ్లిళ్లను ఆపలేదు. ఆదోని పిల్లలు రాయచూరుకూ మాన్వికీ కోడళ్లుగా వెళ్లారు, అక్కడి పిల్లలు ఇక్కడికి వచ్చారు. 1945 ఫిబ్రవరి 28న హొస్పేట దగ్గర తుంగభద్ర ఆనకట్టకు శంకుస్థాపన చేసినప్పుడు ఒక గట్టున నిజాం కొడుకు బేరార్ యువరాజు, మరో గట్టున మద్రాసు గవర్నరు రాయి వేశారు. రెండు ప్రభుత్వాలూ కలిసి కట్టిన ఆనకట్ట అది. పని నడుస్తుండగానే యుద్ధం వచ్చింది.

1947 నవంబరులో యథాతథ ఒప్పందం కుదిరినప్పటి నుంచి మరుసటి సెప్టెంబరు దాకా మద్రాసు పత్రికల్లో హైదరాబాదు వార్త లేని రోజు అరుదు. ఆ వార్తల్లో రజాకార్లు. ఇక్కడ మేము సూటిగా చెప్పవలసింది ఒకటుంది, ఎందుకంటే మావాళ్లలో కొందరు దీన్ని దాటేసి పోతారు. ఆ వార్తలు కల్పన కాదు. లాతూరు వకీలు కాశిం రజ్వీ నాయకత్వాన రజాకార్లు ఊళ్లు తగలబెట్టారు, మనుషుల్ని చంపారు, ఆడవాళ్ల మీద పడ్డారు. మే నెలలో బీదరు జిల్లా గోర్టాలో, ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో జరిగిన మారణకాండలకు ఏ సమర్థనా లేదు. ఇవి రాసిన పత్రికలు తమ పని తాము చేశాయి.

మా పేచీ మాటతో. రజాకార్ అంటే ఉర్దూలో తన ఇష్టంతో సేవ చేసేవాడు, స్వచ్ఛంద కార్యకర్త. ఉర్సులో మంచినీళ్లు పోసే కుర్రవాడు కూడా రజాకారే. ఒక సంస్థ ఆ మాటను నెత్తుటిలో ముంచింది. అది రజ్వీ నేరం. కానీ నెత్తురంటిన మాటను ఏటి ఇవతలికి మోసుకొచ్చి, లుంగీ కట్టి గడ్డం పెంచిన ప్రతివాడి నెత్తికీ సరిపోయే టోపీగా కుట్టింది వార్త. కుట్టినవాళ్లు కావాలని చేయకపోవచ్చు. వార్తలో 'రజాకార్లు' ఒక పక్క, 'హిందువులు' మరో పక్క రోజూ నిలబడితే, చదివేవాడు మొదటి మాట చోట 'ముస్లింలు' అని తనే వేసుకుంటాడు. 1971లో తూర్పు బెంగాల్లోనూ రజాకార్లనే పేరుతో ఒక దళం తయారై అవే పనులు చేసింది. బంగ్లాదేశ్‌లో ఆ మాట అర్థం ద్రోహి. అక్కడ తిట్టేవాడూ ముస్లిమే, తిట్టించుకునేవాడూ ముస్లిమే కాబట్టి అది మతానికి అంటలేదు. ఇక్కడ అంటింది.

అంటకుండా ఆపగల వార్తలు ఆ నెలల్లోనే ఉన్నాయి. 1948 జూలై 3న కాశ్మీరులో, ఝంగర్ దగ్గర, బ్రిగేడియర్ మహమ్మద్ ఉస్మాన్ చనిపోయాడు. పాకిస్తాన్ సైన్యంలోకి రమ్మన్నా పోకుండా ఇక్కడే నిలిచినవాడు. అంత్యక్రియలకు ప్రధాని నెహ్రూ వచ్చారు. ఆగస్టు 21 రాత్రి హైదరాబాదులో ఇమ్రోజ్ ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను రజాకార్లు కాల్చారు. నిజాం రాజ్యం భారతదేశంలో కలవాలని రాసినందుకు ఆయన చేయి నరికారు. తెల్లవారేసరికి పోయాడు, ముప్పయ్యేళ్లు నిండలేదు. ఇమ్రోజ్‌కు ముందు ఆయన పనిచేసిన రయ్యత్ ఉర్దూ పత్రికను నడిపింది మందుముల నర్సింగరావు. హిందువు ఉర్దూలో పత్రిక నడిపాడు, ముస్లిం ఉర్దూలో రజాకార్లను ఎదిరించి ప్రాణమిచ్చాడు. జూలైలో ఉస్మాన్, ఆగస్టులో షోయబ్. ఇద్దరి వార్తలూ వచ్చాయి, ఇద్దరికీ నివాళులూ దక్కాయి. కానీ వాళ్లు 'మంచివాళ్లు' అయిపోయారు, అంటే మినహాయింపులయ్యారు. రజ్వీ మాత్రం నమూనా అయ్యాడు. వార్తకు ఈ గుణం ఉంది. ఎవరిని నమూనాగా నిలబెట్టాలో, ఎవరిని మినహాయింపుగా పక్కన పెట్టాలో మాట తర్వాత మాటగా తేల్చేస్తుంది.

మా దాదా అప్పుడు పద్దెనిమిదేళ్లవాడు, పత్తి మండీలో గుమాస్తా. సాయంత్రం మండీ అరుగు మీద ఒకరు పత్రిక చదివితే పదిమంది వినేవారట. ఆ సెప్టెంబరులో ఒకరోజు చదవడం ఆపి ఒకాయన అడిగాడు: 'ఏమప్పా సాయిబూ, మీవోళ్లు ఏరు దాటి ఎప్పుడొస్తాండారు?' అడిగినవాడు శత్రువు కాడు, దాదాకు చిల్లర అప్పులిచ్చేవాడే. వెటకారమూ కాదు, నిజంగానే భయపడి అడిగాడు. దాదా ఆ భయానికి జవాబు చెప్పలేకపోయాడు. 'మీవోళ్లు' అన్న మాటకు అంతకంటే చెప్పలేకపోయాడు. ఆయన చివరి రోజుల దాకా మా దగ్గర నాలుగైదు సార్లయినా తలుచుకున్నది ఆ ఒక్క మాటే.

1948 సెప్టెంబరు 13న సైన్యం కదిలింది. షోలాపూరు నుంచి ఒక దండు, బెజవాడ నుంచి ఒక దండు; మా వైపు తుంగభద్ర దగ్గర ముఖ్యమైన వంతెనను గూర్ఖా పటాలం స్వాధీనం చేసుకుంది. ట్యాంకులు నడిచాయి, విమానాలు బాంబులు వేశాయి. ముందు నిలిచినవాడు మేజర్ జనరల్ చౌధురి. 17 సాయంత్రం నిజాం రేడియోలో లొంగుబాటు ప్రకటించాడు. ఈ ఐదు రోజులకు మన పత్రికలు పెట్టిన పేరు 'పోలీసు చర్య'. ఏ ఠాణాలో ట్యాంకులుంటాయి? సైన్యం తన కాగితాల్లో పెట్టుకున్న పేరు ఆపరేషన్ పోలో. పోలీసు అన్నది జనం కోసం, ఐక్యరాజ్యసమితి కోసం. హైదరాబాదు ఫిర్యాదు అప్పటికే భద్రతామండలి ముందు ఉంది. యుద్ధమంటే రెండు దేశాల తగవవుతుంది, పోలీసంటే ఇంటి విషయం.

ఈ మాట మనవాళ్ల సొంతం కూడా కాదు. ఏడాదికి పైగా ముందు, 1947 జూలైలో, డచ్చివాళ్లు ఇండోనేషియా మీద సైన్యాన్ని దింపి దానికి 'పోలీసు చర్య' అని పేరు పెట్టుకున్నారు. అది యుద్ధమేనని భద్రతామండలికి మొరపెట్టుకున్న దేశాల్లో భారతదేశం ఉంది. 1950 జూన్‌లో కొరియా యుద్ధం మొదలైనప్పుడు అమెరికా అధ్యక్షుడు ట్రూమన్‌ను ఒక విలేకరి, దీన్ని పోలీసు చర్య అనవచ్చా అని అడిగాడు. ఆయన అవునన్నాడు. మూడేళ్లలో మూడు ఖండాలవాళ్లకు పనికొచ్చిన మాట అది. మూడోసారి దాన్ని అందించింది విలేకరే.

ఉర్దూలో ఆ ఐదు రోజుల పేరు 'సుఖూతె హైదరాబాద్', హైదరాబాదు పతనం. తెలుగులో పోలీసు చర్య. తర్వాత కొందరికి విలీనమైంది, కొందరికి విమోచనమైంది, కమ్యూనిస్టులకు విద్రోహమైంది. 2022 నుంచి కేంద్రప్రభుత్వం సెప్టెంబరు 17ను విమోచన దినంగా జరుపుతోంది. 2024లో రజాకార్ అనే పేరుతోనే ఒక సినిమా వచ్చింది. మేము రెండు భాషల మధ్య కూర్చుని ఒకే వార్తను అటూ ఇటూ మార్చి రాసేటప్పుడు ఈ మాట దగ్గర ప్రతి ఏడాదీ కలం ఆగుతుంది. పతనమని రాస్తే నిజాం కోసం ఏడ్చినట్టు. నిజాం దొరల పాలనలో నలిగిన రైతులు తెలుగువాళ్లే కాదు. విసునూరు దేశముఖు మనుషులు చంపిన షేక్ బందగీ కూడా ఆ రైతుల్లోవాడే. ఆ పాలన పోయినందుకు మాకు ఏడుపు లేదు. విమోచన అని రాస్తే ఆ తర్వాత జరిగినదాన్ని ఎక్కడ పెట్టాలి?

ఆ తర్వాత జరిగింది వార్త కాలేదు. అక్టోబరులో మా మొహల్లాకు ఏటి అవతలి నుంచి చుట్టాలొచ్చారు. రాయచూరు వైపువాళ్లు కొందరు, గుల్బర్గా వైపువాళ్లు ఎక్కువ. మగవాళ్లు లేని చుట్టాలు. నెల రోజులుండి పోతారనుకున్నవాళ్లలో ఒక ముసలామె మా ఇంట్లోనే చనిపోయిందని దాదీ చెప్పేది. ఆమె ఊరి పేరు తప్ప ఇంకేమీ చెప్పేది కాదట. బయట పత్రికలో శాంతి నెలకొన్నదని వస్తోంది, వంటింట్లో ఈమె కూర్చుని ఉంది. మండీ అరుగు మీదివాళ్లకు శాంతి తెలుసు, ఈమె తెలియదు. దాదాకు రెండూ తెలుసు. అరుగు మీద ఆయన నోరు విప్పలేదు. విప్పితే ఏమవుతుందో సెప్టెంబరులో ఆ ప్రశ్న అడిగినప్పుడే ఆయనకు అర్థమైపోయింది.

నవంబరు, డిసెంబరు నెలల్లో కేంద్రప్రభుత్వం పంపగా పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ హైదరాబాదు రాజ్యంలో తొమ్మిది జిల్లాలు తిరిగారు. ఖాజీ అబ్దుల్ గఫార్ ఎవరో కాదు, హైదరాబాదులో పయామ్ పత్రిక పెట్టిన ఉర్దూ సంపాదకుడు. చాలా తగ్గించి లెక్కవేసినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని వాళ్లు రాశారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లోనే 18 వేలు. రజాకార్ల దుర్మార్గాలను దాచకుండానే రాశారు. ప్రతీకారం పేరుతో చంపిన గుంపుల్నీ, కొన్నిచోట్ల అందులో చేరిన సాయుధ బలగాలవాళ్లనూ దాచకుండా రాశారు. ప్రభుత్వం ఆ నివేదికను అటక మీద పడేసింది. కొన్ని భాగాలు పరిశోధకుల చేతుల్లో బయటపడినా, పూర్తి పాఠం జనానికి అందింది 2013లో. అరవై అయిదేళ్లు. దాదా అప్పటికి లేడు.

ఆ నివేదికలో మమ్మల్ని పట్టి ఆపేసిన చోటు చావుల లెక్క కాదు. హిందువులు తమ ముస్లిం ఇరుగుపొరుగును కాపాడిన సంఘటనలు చాలా విన్నామని చెబుతూ, ఒకే పని చేసుకునేవాళ్ల మధ్య ఆ తోడు మరింత గట్టిగా కనిపించిందంటారు. అందుకు ఉదాహరణ నేతగాళ్లు. హిందూ నేతగాళ్లు కొన్నిచోట్ల ముస్లిం నేతగాళ్లకు అడ్డం నిలబడ్డారనీ, ఆ క్రమంలో ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారనీ అందులో ఉంది.

ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. మాచాని సోమప్ప 1938లో అక్కడ చేనేత సహకార సంఘం పెట్టారు. ఆ ఊరి దుప్పట్లు, తువ్వాళ్లు మద్రాసు దాకా పోయేవి. 1948లో ఆ మగ్గాల దగ్గర కూడా పత్రిక చదివేవారు, రజాకార్ల వార్త వినేవారు. ఏటి అవతల తమలాంటి నేతగాడు పక్క మగ్గంవాడి కోసం చచ్చిపోయాడన్న వార్త వాళ్లకు చేరలేదు. చేరి ఉంటే లోకం మారేదని మేము అనబోవడం లేదు. కానీ ఇది వాళ్లకు రావలసిన వార్త. ముస్లిం చావుల్ని దాచిపెట్టినప్పుడు వాటితోపాటు హిందువుల ఈ మంచితనం కూడా పూడిపోయింది. సర్కారు దీన్ని ఎవరి మేలుకోసం దాచిందో ఇప్పటికీ మాకు బోధపడదు.

1965లో రేడియో వచ్చింది. దాదా ఇంట్లో కొన్న మొదటి ఖరీదైన వస్తువు అది. సెప్టెంబరు యుద్ధంలో ఆకాశవాణి ఒక లెక్క చెబితే కరాచీ మరో లెక్క చెప్పేది, నిజం ఎక్కడో మధ్యలో ఉంటుందని బీబీసీ ఉర్దూ కోసం చెవి ఒగ్గేవారు. ఉర్దూలో ఏది మోగినా బయటికి ఒకేలా వినిపిస్తుంది కదా. 'ఆవాజ్ కమ్ కరో జీ, లోగాఁ సుంతైఁ' అని దాదీ గొణిగేది. చిత్రమేమంటే ఆ నవంబరులోనే ఆకాశవాణి తన ఉర్దూ సర్వీసు మొదలుపెట్టింది. ఆ తర్వాత కూడా మా ఇంట్లో రేడియో గొంతు పెరగలేదు. సెప్టెంబరు 10న పాటన్ ట్యాంకుల్ని పేల్చి ప్రాణమిచ్చిన అబ్దుల్ హమీద్ బొమ్మ పత్రికలో వచ్చినప్పుడు దాదా దాన్ని కత్తిరించి మండీలో తను కూర్చునే చోటు వెనక అద్దంలో పెట్టించాడు. పరమవీరచక్ర వచ్చిన సైనికుడి మీద గౌరవంతో పెట్టాడా, గుర్తింపుకార్డుగా పెట్టాడా? రెండింటికీ అనుకుంటాం. హమీద్ మనవాడు అని గర్వపడే హక్కు అందరిదీ. చూపించవలసిన అవసరం మాత్రం మాది. 1999లో కార్గిల్ యుద్ధం టీవీలో వచ్చినప్పుడు, జూన్ 6న తుర్తుక్ దగ్గర చనిపోయిన కెప్టెన్ హనీఫుద్దీన్ ఫొటోను కాలేజీ రోజుల్లో మేమూ జేబులో పెట్టుకు తిరిగాం. ముప్పయినాలుగేళ్లు గడిచాయి. కార్డు మీది ఫొటో ఒక్కటే మారింది.

గల్ఫు యుద్ధం గురించి కొంచెం. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు రాయలసీమ నుంచి కూలికి పోయినవాళ్లు ఎందరో అక్కడ ఉన్నారు. లక్షా డెబ్బై వేల మంది భారతీయుల్ని అమ్మాన్ మీదుగా విమానాల్లో తెచ్చారు. మా పసితనంలో యుద్ధమంటే అదే, పోస్టుమాన్ కోసం కూర్చున్న ఆడవాళ్లు. ఆ అక్టోబరులో ఒక కువైటీ అమ్మాయి అమెరికాలో కన్నీళ్లతో సాక్ష్యం చెప్పింది, ఇరాకీ సైనికులు ఆసుపత్రిలో పసిబిడ్డల్ని పెట్టెల్లోంచి తీసి నేల మీద పారేశారని. ప్రపంచమంతా అచ్చేసింది. ఆ అమ్మాయి కువైట్ రాయబారి కూతురనీ, సాక్ష్యాన్ని ఒక ప్రచార సంస్థ తీర్చిదిద్దిందనీ 1992లో తేలింది. అప్పటికి యుద్ధం అయిపోయింది, బాగ్దాద్‌లో అమీరియా షెల్టరు మీద పడిన బాంబులకు నాలుగు వందల మందికి పైగా కాలిపోయారు. ఈ అబద్ధం సంగతి అప్పట్లో మా వీధిలో ఎవరికీ తెలియదు. టీవీ మాటలు నమ్మకూడదని మాత్రం అనిపించింది. నమ్మకపోవడమనేది తిన్నగా సద్దాంను నమ్మడం దాకా పోయింది. ఆ ఏడాది పుట్టిన పిల్లలకు సద్దాం హుసేన్ అని పేర్లు పెట్టారు. కుర్దుల మీద విషవాయువు వదిలిన మనిషి పేరు! మావాళ్ల ఈ అమాయకత్వానికీ వార్తే కారణమని తప్పుకోలేం. అబద్ధం చెప్పే పత్రిక మీద కోపంతో మరో అబద్ధాన్ని కౌగిలించుకున్నాం. ఆ పిల్లలు పెద్దవాళ్లయి ఉద్యోగాల కోసం, పాసుపోర్టుల కోసం కిటికీల ముందు నిలబడి ఆ పేరు చెప్పుకోవలసి వచ్చింది.

ఇక మా డెస్కు. ఏజెన్సీ ఇంగ్లీషులో 'చనిపోయారు' అన్న అర్థానికి ఒకే మాట వాడుతుంది. తెలుగులో రాసేటప్పుడు మా ముందు వరస కడతాయి: మృతి, హతం, వీరమరణం, నేలకొరిగారు, మట్టుబెట్టారు. ఉర్దూలోనూ అంతే: ఫలానావాడు హలాక్ అయ్యాడు, ఫలానావాడు జాఁబహఖ్, ఫలానావాడు షహీద్. తెలుగు పత్రిక 'వీరమరణం' ఎవరికిస్తుందో, ఉర్దూ పత్రిక 'షహీద్' ఎవరికిస్తుందో చూస్తే ఆ పత్రిక ఎవరి ఇంట్లో కూర్చుని రాస్తోందో తెలిసిపోతుంది. కాశ్మీరులో జవాను చనిపోతే తెలుగువాడు వీరమరణమంటాడు, న్యాయమే. గాజాలో బిడ్డ చనిపోతే ఉర్దూవాడు షహీద్ అంటాడు, తెలుగువాడు మృతి అంటాడు. రాత్రి పదకొండు గంటలకు పేజీ పంపే హడావిడిలో ఈ తూకం వేసేవాడు ఒక సబ్ ఎడిటరు. అతనికి దేశభక్తి పరీక్ష పెట్టేవాళ్లు ఉన్నారు. భాష పరీక్ష పెట్టేవాళ్లు లేరు.

2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్ జరిగిన రోజుల్లో ఒక రాత్రి మేము పనిచేసే చోట, కరాచీ ఓడరేవు ధ్వంసమైందని ఒక పేజీ తయారైంది. ఛానెళ్లన్నీ చెబుతున్నాయి, ఏ ఒక్కటీ చూపించడం లేదు. నిజం కాదని తెలిసేసరికి కొన్ని ఊళ్లకు బండి వెళ్లిపోయింది. ఆ వారంలోనే రాయలసీమ కుర్రవాడు ఒకడు సరిహద్దులో కాల్పులకు బలైతే ఆ వార్త రాసేటప్పుడు వీరమరణమన్న మాట దానంతటదే వచ్చింది, చేయి వణికింది. మే 7న పూంచ్‌లో పాకిస్తాన్ ఫిరంగిగుండు పడి ఒక మదర్సా ఉపాధ్యాయుడు చనిపోయాడు. భారతదేశపు పౌరుడు, శత్రువు గుండుకు చనిపోయినవాడు. కొన్ని ఛానెళ్లు అతని ఫొటో వేసి, మన సైన్యం మట్టుబెట్టిన ఉగ్రవాది అని చెప్పాయి. పోలీసులు ఖండించారు. తర్వాత అక్కడి కోర్టు కేసు పెట్టమని ఆదేశించింది.

మా మొహల్లా మదర్సాలో ఖురాన్ చెప్పే హజ్రత్ ఆ శుక్రవారం నమాజు తర్వాత మమ్మల్ని పక్కకు పిలిచారు. అరవై దాటిన మనిషి. టీవీ చూడరు, పిల్లలు ఫోనులో ఏదో చూపించారట. పూంచ్‌వాడి గడ్డం, టోపీ తనవిలాగే ఉన్నాయన్నారు. కాసేపాగి అడిగారు: 'మీ పేపర్లో కూడా అట్లే వచ్చిందా, బేటా?'

వచ్చిందన్నాం. సవరణ కూడా వేశామని చెప్పాం, లోపలి పేజీలో, నాలుగు లైన్లు.

'ఆ పేజీ ఇవ్వు' అన్నారు. ఇంటికెళ్లి వెతికి, కత్తిరించి తెచ్చి ఇచ్చాం. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు.